గర్భసంచి తీసేముందు

గైనిక్ లాపరోస్కోపీ ఫెలోషిప్ పూర్తి చేసుకున్న యువ సర్జన్లకు, చేయి పట్టి నేర్పిన మీ గురువులకు, మీరు రాత్రింబవళ్లు థియేటర్లో ఉన్నప్పుడు మీ పిల్లల్ని సాకిన మీ ఇంటివారికి నమస్కారం.

ఆపరేషన్ చేయడం మీకు పీజీలోనే వచ్చేసింది. ఆ పైన ఇక్కడ నేర్చుకున్నది వేరు. తెర మీద చూస్తూ పొడవాటి పరికరాల చివరతో కుట్టు వేయడం, గర్భాశయ ధమని కిందుగా సాగే మూత్రనాళాన్ని ముందే గుర్తుపట్టి కాపాడుకోవడం, ఎండోమెట్రియోసిస్‌తో పేగుకు అతుక్కుపోయిన గర్భసంచిని ఓపిగ్గా విడదీయడం. మన ప్రాంతానికి ఈ విద్య చాలా అవసరం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. పాత కోతల కింద పేగులు అతుక్కుని ఉంటాయేమోనన్న అనుమానంతోనే మీరు ఎన్నో పొట్టల్లోకి వెళ్లాలి. అలాంటప్పుడు బొడ్డు దగ్గర కాకుండా ఎడమ పక్కటెముకల కిందనుంచి వెళ్తాం కదా, ఆ చోటుకు పారిస్ గైనకాలజిస్టు రౌల్ పామర్ పేరే నిలిచిపోయింది.

ఈ విద్యకు దారి వేసినవాళ్లలో మన శాఖవాళ్లు ముందున్నారు. 1980లో జర్మనీలోని కీల్‌లో కుర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు లాపరోస్కోప్‌తో అపెండిక్స్ తీశాడు. మెచ్చుకోవాల్సిన సర్జన్లు ఆయన్ను ప్రాక్టీసు నుంచే తప్పించాలన్నారు. 1988లో అమెరికాలో హ్యారీ రీచ్ గర్భసంచినే ఆ దారిలో తీసి చూపించాడు. ఈ వారసత్వం మీది. గర్వపడండి.

అయితే మన పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్లకు లాపరోస్కోపీ పరిచయమైంది మీలాంటి వారి చేతుల మీదుగా కాదు, కుటుంబ నియంత్రణ క్యాంపుల్లో. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం క్యాంపులో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్, అంటే లాపరోస్కోపీతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేశారు. వారిలో నలుగురు తల్లులు ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. కోత అంగుళం కూడా లేదు. ఆ పిల్లలకు అమ్మ లేదు. పరికరాల శుభ్రతకు పట్టే సమయాన్ని ఎవరు తగ్గించమన్నా తగ్గించకండి, ఎంత పైవాళ్లు చెప్పినా సరే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. తర్వాతి సర్వేలోనూ మన రెండు రాష్ట్రాలదే ముందు వరస. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా ఏ రోగమూ లేదు. ఈ అంకెలు వాళ్ల శరీరాల గురించి చెప్పడం లేదు, మన గురించి చెబుతున్నాయి.

రేపు మీ ఓపీకి ముప్పై అయిదేళ్లు నిండని ఒక తల్లి వస్తుంది. తెల్లబట్ట, నడుంనొప్పి, నెలకు రెండుసార్లు ముట్టు. క్యాన్సర్ అవుతుందని ఎవరో భయపెట్టి ఉంటారు. "పిల్లలు పుట్టేశారు మేడమ్, ఇంక దాంతో పనేముంది? చిన్న బెజ్జాలేగా, రెండ్రోజుల్లో పంపించేస్తారట. తీసేయండి," అంటుంది. ఆ మాట వెనక మిరప తోటలో ఒక్కరోజు కూడా ఆగని కూలిపని ఉంది, మరుగు లేని ఇల్లు ఉంది. పెద్ద కోత ఉన్న రోజుల్లో ఆ కోత భయమైనా ఆమెను కాస్త ఆపేది. ఇప్పుడు ఆ భయాన్ని మనమే తీసేశాం. ఆ భయం పోయినచోట మన విచక్షణ నిలబడాలి. ఫెలోషిప్ నేర్పిన విద్యల్లో కష్టమైనది ఇదేనని నేను నమ్ముతాను.

తెల్లబట్టకు పరీక్ష ఉంది, మందు ఉంది. క్యాన్సర్ భయానికి పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్ష ఉన్నాయి. రక్తస్రావానికి మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. లోపలికి పెరిగిన గడ్డనో పాలిప్‌నో హిస్టిరోస్కోపీతో తీసి సంచిని నిలపగలిగేది మీరే. సంచి తీయక తప్పనప్పుడు కూడా, ఆ వయసులో బాగున్న అండాశయాల జోలికి వెళ్లకండి. వాటిని తీసేస్తే నలభై నిండకుండానే ఆమె ఎముకలు గుల్లబారడం మొదలవుతుంది. అప్పుడామె వెళ్లేది ఎముకల డాక్టరు దగ్గరికి, మన దగ్గరికి కాదు. మనం చేసింది మనకు కనిపించకుండా పోయేది అందుకే. అవసరం లేని హిస్టరెక్టమీలను ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మాట కోర్టుతో చెప్పించుకోవాల్సి వచ్చినందుకు మన వృత్తి బాధపడాలి.

మన పద్ధతి మీద ప్రేమ ఉన్నవాళ్లకు మరో సంగతి. తొలిదశ సర్వైకల్ క్యాన్సర్‌కు రాడికల్ హిస్టరెక్టమీని లాపరోస్కోపీతోనో రోబోతోనో చేస్తే, పొట్ట కోసి చేసినప్పటికంటే జబ్బు తిరగబెట్టడం, మరణాలు ఎక్కువని 2018లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. ఏళ్ల తరబడి లాపరోస్కోపీతో చేస్తూ వచ్చిన ఎందరో నిపుణులు పాత పద్ధతికి తిరిగి వెళ్లారు. వాళ్ల చేతుల్లో నేర్పు తగ్గి కాదు. మీకూ లాపరోస్కోపీ మధ్యలో పొట్ట ఓపెన్ చేయాల్సిన రోజు వస్తుంది. చేయండి, ఆలస్యం చేయకండి.

మీలో చాలామంది పెద్ద ఆసుపత్రుల్లో చేరతారు. అక్కడ నెలకు ఎన్ని కేసులని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మీ లాగ్‌బుక్‌లో ఉంటుంది. దాని పక్కనే ఇంకో పుస్తకం పెట్టుకోండి. గర్భసంచి తీయమని వచ్చి, తీయించుకోకుండానే బాగుపడిన వాళ్ల కోసం. ఏ మందుతో తగ్గింది, ఎవరికి తగ్గక ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, అన్నీ రాయండి. ఆర్నెల్లకోసారి వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి. మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చే ఫెలోలకు మొదటి రోజు ఆ పుస్తకమే ఇవ్వండి, వీడియోలు ఆ తర్వాత చూపించవచ్చు.