రైలు వదిలిన దారి, మనం నడిచే దారి

(ఆసుపత్రి వరండాలో రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



మీలో కొందరు ఉదయగిరి నుంచి, కొందరు వింజమూరు, ఆత్మకూరు, అనంతసాగరం వైపు నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చి ఇక్కడ కూర్చున్నారు. లోపల మీవాళ్ళకు పరీక్షలు జరుగుతున్నాయి. ఈ అరగంటలో మీతో ఒక్క విషయం మాట్లాడతాను. అది నడక.

షుగర్, బి.పి. ఉన్నవాళ్ళ చీటీ మీద డాక్టరుగారు మందులతో పాటు "రోజూ అరగంట నడవాలి" అని రాస్తారు. మందులు ఎలా వేసుకోవాలో చెప్పి, చివర నడక మాట చెప్పేది మేము, నర్సులం. ఎన్నో ఏళ్ళుగా నేనూ ఆ మాట చాలా తేలికగా చెప్పేదాన్ని.

కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దాయన షుగర్‌తో మా వార్డులో ఉన్నాడు. యాభై దాటిన మనిషి, వ్యవసాయం. ఇంటికి పోయేటప్పుడు "అయ్యా, నడక మానొద్దు" అని రెండుసార్లు చెప్పి పంపాను. ఆయన నా మాట తు.చ. తప్పకుండా విన్నాడు. రోజూ చీకటితోనే లేచి పెద్దరోడ్డు అంచున నడిచాడు. మూడో వారంలో వెనకనుంచి మోటారు సైకిలు గుద్దింది. తొడ ఎముక విరిగింది. ఆయన భార్య నన్ను చూసి కోప్పడలేదు. "అమ్మా, నడవమన్నారు కదా, ఎక్కడ నడవాలో చెప్పలేదే" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

తరువాత ఒకామె వచ్చింది. కూతురి కాన్పు కోసం అమెరికాలో వర్జీనియా వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చింది. వెళ్ళేటప్పటికంటే షుగర్ బాగా తగ్గింది. ఏం చేశావమ్మా అని అడిగితే, "అక్కడ రైలు పట్టాలు తీసేసి దారి వేశారు సిస్టర్, బస్సూ లేదు, లారీ లేదు, పొద్దునా సాయంత్రం మనవడిని బండిలో పెట్టుకొని నడిచేదాన్ని" అని చెప్పింది. మూడు నెలల తరువాత మళ్ళీ వచ్చింది. షుగర్ మళ్ళీ ఎక్కింది. మందు మారలేదు, తిండీ పెద్దగా మారలేదు. నడిచే దారి పోయింది, అంతే.

ఆమె చెప్పిన ప్రాంతంలో అలాంటి దారి నిజంగానే ఉంది. వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్ అనే రైలు మార్గం 1968లో మూతపడింది. తరువాత ఆ స్థలంలో దారి వేశారు. ఇప్పుడది 72 కిలోమీటర్ల పొడవున ఊళ్ళ మధ్యగా పోతుంది. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు అందరూ అదే దారిలో పోతారు. చాలా దూరం పక్కనే గుర్రాలకు వేరే కంకర బాట కూడా ఉంది. మన తెలుగు కుటుంబాలు చాలా ఆ చుట్టుపక్కలే ఉంటున్నాయి.

రైలు దారే ఎందుకు మంచిది? ఇనుప పట్టా మీద ఇనుప చక్రం ఏటవాలు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకని రైలు కోసం గుట్టను తొలిచి, పల్లాన్ని పూడ్చి, దారిని దాదాపు చదునుగా చేస్తారు. మామూలుగా వంద మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కడమే ఎక్కువ. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు, పక్షవాతం వచ్చి మళ్ళీ అడుగులు నేర్చుకునేవాళ్ళకు, గుండె జబ్బువాళ్ళకు ఇంతకంటే మంచి దారి ఏముంటుంది?

మన రాష్ట్రంలో రైలు వదిలిన దారి లేదా అంటే, ఉంది. రాజమహేంద్రవరంలో గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో మొదలైంది. 56 ఖానాలు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు. పక్కన కమాను వంతెన కట్టాక 1997లో పాత వంతెన మీద రైళ్ళు ఆపేశారు. దాన్ని జనం తిరిగే చోటుగా మార్చాలన్న మాట ఏళ్ళ తరబడి నడిచింది. చివరకు 2025 జూన్‌లో 94.44 కోట్ల రూపాయల అఖండ గోదావరి ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ఆ వంతెనను తీర్చిదిద్దడం అందులో ఒక భాగం. 1997 నుంచి 2025 వరకు లెక్క వేయండి, 28 ఏళ్ళు. అడిగేవాళ్ళు ఓపికగా అడుగుతూనే ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొకటి, కాకినాడ-కోటిపల్లి లైను. 1928లో వేశారు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004లో అదే మార్గంలో రైలు నడిచింది. అంటే వదిలేసిన దారిని ముక్కలు చేసి పంచుకోకుండా కాపాడుకుంటే, రేపు రైలు కావాలన్నా అక్కరకు వస్తుంది. అమెరికాలో 1983లో ఇందుకోసమే చట్టం మార్చారు. రైలు మళ్ళీ వచ్చేదాకా దారిగా వాడుకోవచ్చు, హద్దులు మాత్రం చెరపకూడదు.

మరి మన సంగతి? ఉదయగిరి, ఆత్మకూరు వైపు వదిలేసిన రైలు దారి లేదు. మనకు వచ్చింది కొత్త లైను. నడికుడి-శ్రీకాళహస్తి లైను, 309 కిలోమీటర్లు, 2011-12లో మంజూరైంది. అది వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా పోయే మార్గం. కొత్తగా పోసిన రైలు కట్ట చదునుగా, ఎత్తుగా ఉంటుంది. చూస్తే నడవాలనిపిస్తుంది. దయచేసి నడకకు ఆ కట్ట ఎక్కవద్దు, పిల్లలను పంపవద్దు. పనుల బండ్లు, రైలింజన్లు ఎప్పుడు వస్తాయో చెప్పలేం. అనుమతి లేకుండా పట్టాల మీద నడవడం చట్టప్రకారం నేరం కూడా. రైలు వదిలిన దారి వేరు, రైలు వచ్చే దారి వేరు. మీ ఊరిని, పొలాన్ని లైను విడదీస్తుంటే, కాలినడకన దాటడానికి కింద దారి కావాలని ముందే అడగండి.

మనకు రైలు కట్ట లేకపోయినా చెరువు కట్ట ఉంది. సోమశిల కాలువల గట్లు ఉన్నాయి. ఇవీ చదునైనవే, లారీలు తిరగనివే. వీటికి కావలసింది పెద్ద డబ్బు కాదు. సర్కారు తుమ్మ కంప కొట్టించాలి, గుంతలు పూడ్చాలి, నీళ్ళ వైపు జారే చోట అడ్డు కట్టాలి, మొదట్లో రెండు దీపాలు పెట్టాలి. గ్రామసభలో పదిమంది ఆడవాళ్ళు లేచి "మాకు నడిచే దారి కావాలి" అని అర్జీ రాసి ఇవ్వండి. అది మందుల షాపు ఖర్చు తగ్గించే అర్జీ.

అందరూ వాడే దారికి కట్టుబాట్లు కావాలి. నడిచేవాళ్ళు ఎడమ పక్కగా, ఇద్దరికి మించి వరస కట్టకుండా నడవాలి. సైకిలువాళ్ళు బెల్లు కొట్టి నెమ్మదిగా దాటాలి. గేదెలు వచ్చే వేళ ఊరికంతా తెలుసు, ఆ వేళ తప్పించి నడవాలి. మోటారు సైకిళ్ళు రాకుండా మొదట్లో రాళ్ళు పాతాలి, కాని చక్రాల కుర్చీ పట్టేంత సందు వదలాలి. అందరికంటే నిదానంగా నడిచేవాళ్ళకే ముందు దారి.

ఇక మీవాళ్ళ నడక గురించి గుర్తుంచుకోండి:

1. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి ఒక మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రోజుకు అరగంట, ఐదు రోజులు. ఒకేసారి కుదరకపోతే పది నిమిషాలు మూడుసార్లు నడవవచ్చు. మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగం చాలు.

2. షుగర్ ఉన్నవాళ్ళు ఒట్టి కాళ్ళతో నడవకూడదు. ముల్లు గుచ్చుకున్నా వాళ్ళకు తెలియకపోవచ్చు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు మీరే చూడండి.

3. ఇన్సులిన్ వేసుకొని ఏమీ తినకుండా నడకకు పోకూడదు. జేబులో చక్కెర పొట్లం ఉండాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

4. ఛాతీలో బరువు, ఎడమ చేతిలో లాగడం, ఆయాసం వస్తే అక్కడే ఆపాలి. "ఇంకొంచెం దూరమే కదా" అనుకోకూడదు. గుండె ఆపరేషను అయినవాళ్ళు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టాలి.

5. మన ఎండాకాలం సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. గట్టు మీద చీకట్లో టార్చి, చేతికర్ర లేకుండా పోవద్దు, పాములుంటాయి.

6. రోడ్డు తప్ప గతిలేకపోతే, ఎదురు వచ్చే బండ్లు కనిపించేటట్లు కుడి అంచున, తెల్ల బట్టలతో, తెల్లవారాకే నడవాలి.

మొదట చెప్పిన పెద్దాయన గురించి అడుగుతారేమో. ఎముక అతకడానికి చాలాకాలం పట్టింది. ఇప్పుడు కొంచెం కుంటుతాడు. అయినా నడక మానలేదు, చెరువు కట్ట మీద నడుస్తున్నాడు. ఆయన భార్య కూడా వెంట నడుస్తుంది. ఆమె బి.పి. కూడా అదుపులో ఉంది.

అందుకే ఈ రోజుల్లో ఇంటికి పంపేటప్పుడు మీవాళ్ళను నేను ఒక ప్రశ్న అడుగుతాను. "ఎక్కడ నడుస్తావు?" జవాబు చెప్పేదాకా చీటీ చేతికివ్వను. వాళ్ళు మంచం మీద ఉన్నారు, వెతకలేరు. కాబట్టి ఈ సాయంత్రం ఊరికి పోగానే మీరొకసారి బయటికి వచ్చి చూడండి. చెరువు కట్ట కావచ్చు, కాలువ గట్టు కావచ్చు, బడి మైదానం కావచ్చు. ఒక చోటు చూసి, మీరే ముందు నడిచి, రేపు వచ్చి నాకు చెప్పండి.