ఓనరైనా గడప బయటే నిలబడాలి

(చెన్నైలో తెలుగు యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పరలోక నివాసం గురించి మనం చాలా ప్రసంగాలు విన్నాం. నెలనెలా అద్దె కట్టే ఇంటి గురించి మాత్రం సంఘంలో ఎవరూ మాట్లాడరు. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడుకుందాం. ఇక్కడున్న మీలో చాలామంది అద్దె పోర్షన్లలో, మేడ మీద గదుల్లో, నలుగురైదుగురు కలిసి తీసుకున్న ఇళ్ళలో ఉంటున్నవాళ్ళే.

మన పెద్దలు ఈ ఊళ్ళకు వచ్చి తరాలు గడిచాయి. ఓటు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే. అయినా ఇల్లు అడగడానికి వెళ్తే మొదటి ప్రశ్న "సొంతూరు ఏది?" రెండోది "నాన్‌వెజ్ తింటారా?" మూడోది "ఇంట్లో ప్రార్థనలూ అవీ పెడతారా?" వాళ్ళకు కావలసింది కులం. దానికే ఇన్ని డొంకతిరుగుళ్ళు. ఇవన్నీ దాటుకుని, అడ్వాన్స్ కోసం అప్పు చేసి, ఎలాగో ఇల్లు సంపాదిస్తాం. ఇక ఆ ఇంట్లో ఏం జరిగినా నోరెత్తం. ఎత్తితే ఖాళీ చేయమంటారని భయం. అడ్వాన్స్ తిరిగి రాదని ఇంకో భయం.

ఏం జరుగుతుందో మీకు తెలుసు. మనం డ్యూటీలో ఉండగా ఓనర్ తన దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసి లోపల చూసి వెళ్తాడు. మోటారు చూడాలనీ, మీటర్ చూడాలనీ చెప్పి నేరుగా వంటింట్లోకి వస్తాడు. గిన్నె మూత తీసి ఏం వండారో చూసే ఇంటావిడ ఉంటుంది. చుట్టాలు వస్తే "ఎన్నాళ్ళుంటారు?" అంటారు. ఆడపిల్లలుండే గదైతే తలుపు కొట్టకుండా వచ్చేవాళ్ళూ ఉన్నారు. అడిగితే ఒకటే జవాబు: "ఇది నా ఇల్లు."

ఆ జవాబు నిజమేనా? గోడలు ఆయనవే, కాదనం. కానీ అద్దె తీసుకున్నాక ఆ గోడల మధ్య బతుకు ఎవరిది?

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 10, 11 వచనాలు ఇంటికెళ్ళాక ఒకసారి చదవండి. పొరుగువాడికి అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం వాడి ఇంటికి వెళ్తాడు. ఆ వస్తువు తీసుకునే హక్కు అతనికి ఉంది. అయినా ధర్మశాస్త్రం అతన్ని ఇంట్లోకి వెళ్ళనివ్వదు, బయటే నిలబడమంటుంది. అప్పు తీసుకున్నవాడే లోపలికి వెళ్ళి ఆ వస్తువు తెచ్చి ఇవ్వాలి. అప్పులో ఉన్నవాడి గడపకే దేవుడు అంత విలువ ఇస్తే, నెలనెలా అద్దె కట్టేవాడి గడపకు ఎంత విలువ ఉండాలి? అపొస్తలుల కార్యముల చివర పౌలు రోమాలో రెండేళ్ళున్నది కూడా అద్దె ఇంట్లోనే. కాపలా కింద ఉన్న మనిషి, తన దగ్గరకు వచ్చిన అందరినీ ఆ ఇంట్లోకి ఆహ్వానించాడు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు తక్కువవాళ్ళని మనకు ఎవరు నేర్పారో గాని, వాక్యం నేర్పలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. తమిళనాడులో భూస్వామి, అద్దెదారుల హక్కులూ బాధ్యతల మీద 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉంది. ఇంట్లోకి రావాలంటే ఓనర్ కనీసం 24 గంటల ముందు, కారణం చెబుతూ, రాతపూర్వకంగా తెలియజేయాలి. అద్దె ఒప్పందం రాతలో ఉండాలి, అద్దె అథారిటీ దగ్గర నమోదు కావాలి. నీళ్ళో కరెంటో ఆపి మనల్ని వేధించకూడదు. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్ళకు 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. అక్కడ ఓనర్ ఇల్లు చూడాలంటే ముందుగా చెప్పి, తగిన వేళలో రావాలి. కర్ణాటకలో కూడా 1999 నాటి అద్దె చట్టం ఉంది. కానీ బెంగళూరు లాంటి నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. అంటే అక్కడ మీలో ఎక్కువమందికి అది అందదు.

అలాంటి వాళ్ళ సంగతేమిటి? యానాంలో, ఒడిశాలో ఉన్నవాళ్ళ సంగతేమిటి? దేశంలో దాదాపు అంతటా వర్తించే రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, అద్దె కడుతూ షరతులు పాటించే వ్యక్తి గడువు వరకు ఆటంకం లేకుండా ఆ ఇంట్లో ఉండవచ్చు. ఓనర్ ఆ హామీ ఇచ్చినట్టే లెక్క. ఇక రెండోది. మరొకరి స్వాధీనంలో ఉన్న చోటికి వాళ్ళను బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో చొరబడటం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద నేరం. ఆ సెక్షన్‌లో ఉన్న మాట "స్వాధీనం". ఆస్తి ఎవరి పేరున ఉందని అది అడగదు. ఇల్లు ఓనర్ పేరున ఉన్నా, అద్దెకిచ్చాక అది మీ స్వాధీనంలో ఉంది.

అయితే ఓనర్లందరూ దుర్మార్గులని నేను అనడం లేదు. అద్దె డబ్బుతోనే మందులు కొనుక్కునే ముసలివాళ్ళున్నారు. గోడకు చెమ్మ పట్టినా, పైపు పగిలినా, పొగ వచ్చినా వాళ్ళు రావాలి. ముందు రోజు చెప్పి, మనం ఉన్నప్పుడు వచ్చి పని చేయించుకుని వెళ్తే తలుపు తీసి టీ ఇవ్వాలి. చెప్పకుండా, మనం లేనప్పుడు, పని లేకుండా వస్తేనే సమస్య.

మరి ఏం చేయాలి? ముందుగా మాట్లాడండి. కోపం లేకుండా, అన్నా అనో, అమ్మా అనో పిలిచి, "మీరు రావాలంటే ముందు రోజు ఒక మెసేజ్ పెట్టండి, మేం ఉండేట్టు చూసుకుంటాం" అనండి. అదే రోజు అదే మాట వాట్సాప్‌లో, వాళ్ళ భాషలో రాసి పంపండి. నోటి మాట గాలికి పోతుంది, మెసేజ్ తారీఖుతో సహా నిలుస్తుంది. ఆ తర్వాత కూడా వస్తే తేదీ, వేళ, ఎవరు చూశారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంట్లో ఉన్నప్పుడు లోపల గడియ వేసుకోండి. బయటికెళ్ళేటప్పుడు గడియకు మీ సొంత తాళం వేసుకోండి. కొత్త ఇల్లు తీసుకునేవాళ్ళు "24 గంటల ముందు చెప్పి రావాలి" అనే ఒక వాక్యం అగ్రిమెంట్‌లో రాయించండి. పదకొండు నెలల అగ్రిమెంటైనా చదవకుండా సంతకం పెట్టకండి.

కోపం వచ్చిందని అద్దె మాత్రం ఆపకండి. మన రక్షణ అంతా అద్దె సక్రమంగా కట్టడం మీద నిలబడింది. బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో కట్టండి, రుజువు ఉంటుంది. చేతికి డబ్బిస్తే రసీదు అడగండి.

చెల్లెళ్ళారా, మీకు ప్రత్యేకంగా ఒక మాట. మగవాడు తలుపు కొట్టకుండా వస్తుంటే, కిటికీలోంచి చూస్తుంటే, బాత్రూమ్ వైపు కెమెరా తిప్పి పెడితే దాన్ని "సర్దుకుపోవాలి" అని ఎవరు చెప్పినా వినకండి. ఆ మాట చెప్పేది పాస్టరైనా వినకండి. సహనం గురించి చెప్పే వాక్యాలను ఆడపిల్లల నోరు మూయించడానికి వాడటం పాపం. ఆపద అయితే 112కి, సలహా కావాలంటే మహిళల సహాయవాణి 181కి ఫోన్ చేయండి. న్యాయ సేవల సంస్థ నంబరు 15100. స్త్రీలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. ఓనర్‌తో మాట్లాడటానికి ఒంటరిగా వెళ్ళకండి. సంఘం నుంచి ఇద్దరు పెద్దలు తోడు రావాలి. ఆదివారం చేయి పట్టుకుని ప్రార్థించే సంఘం, సోమవారం ఆ పిల్లతో కలిసి ఓనర్ గుమ్మం దాకా నడవకపోతే ఆ ప్రార్థన సగమే.

చివరిగా ఇంకొక మాట, ఇది ముందు వరసలో కూర్చున్న పెద్దలకు. మనలోనూ ఓనర్లున్నారు. దేవుడు దీవించి మేడ కట్టుకున్నాం, రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. ఒడిశా నుంచో, బీహార్ నుంచో పనికొచ్చిన కుర్రాళ్ళు ఉంటున్నారు. వాళ్ళ గది తాళంచెవి మన గూట్లో ఉందా? వాళ్ళు లేనప్పుడు మనం లోపలికి వెళ్తున్నామా? ఇల్లివ్వడానికి ముందు మనమూ కులం అడుగుతున్నామా? మనల్ని అడిగినప్పుడు మండిన ప్రశ్నే మన నోట్లోంచి వస్తే, మనం న్యాయం గురించి మాట్లాడటం ఎవరు వింటారు?

ఈ వారం రెండు పనులు చేద్దాం. అద్దెకున్నవాళ్ళు మీ అగ్రిమెంట్ తీసి చదవండి. అర్థం కాకపోతే వచ్చే ఆదివారం తీసుకురండి, కూడిక అయ్యాక కలిసి చదువుదాం. అద్దెకిచ్చినవాళ్ళు రెండో తాళంచెవి తీసుకెళ్ళి, గడప బయట నిలబడి, అద్దెకున్నవాళ్ళ చేతిలో పెట్టండి.

దేవుడు మీ అందరి ఇళ్ళనూ కాపాడును గాక.