చవక చేపలో గుండెకు మేలు



ఈ వేళ మనం చేపల గురించి, అందులోనూ నూనె చేపల గురించి చెప్పుకుందాం. చేప అనగానే మా వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ వైపు గుర్తుకొచ్చేవి మంచినీటి చేపలే. మునేటి చేప, చెరువు చేప, బొచ్చె, శీలావతి. చేతిలో నాలుగు డబ్బులుంటే కొర్రమీను. సముద్రపు చేప అమ్మకానికి వచ్చినా, "అబ్బ, నీచు వాసన, నిండా ముళ్లు" అని పక్కకి తప్పుకుంటాం. ఒకవేళ కొన్నా వంజరమో చందువాయో కొంటాం గాని, పక్కనే కుప్పపోసిన కవళ్లనూ కానాగంతలనూ కన్నెత్తి చూడం. చవక కనుక నాసిరకమనుకుంటాం. నిజానికి మన గుండెకు కావలసింది ఆ చవక కుప్పలోనే ఎక్కువగా ఉంది.

కవళ్లంటే సార్డీన్లు, కానాగంతలంటే మాకెరెల్. వీటి కండలోనే నూనె ఉంటుంది. అందులో ఒమేగా-3 అనే మంచి కొవ్వులున్నాయి. వీటిని మన శరీరం తనంతట తాను చాలినంత తయారు చేసుకోలేదు. అవిసె గింజల్లోనూ ఒమేగా-3 ఉంది గాని అది వేరే రకం. అందులో కొద్ది భాగమే చేపనూనెలోని రకంగా మారుతుంది. బొచ్చె, శీలావతి మంచివి కావని కాదు. మాంసకృత్తులకు వాటిలో లోటు లేదు. ఈ కొవ్వుల విషయంలో మాత్రం సముద్రపు నూనె చేపలదే పైచేయి. వీటిలో విటమిన్ డి, బి12 కూడా ఉంటాయి. నెత్తళ్ల వంటి చిట్టి చేపల్ని ముళ్లతో సహా నమిలి తింటే కాల్షియం అదనం.

1970ల్లో డెన్మార్కు వైద్యులు గ్రీన్లాండు ఎస్కిమోల ఆహారాన్నీ రక్తాన్నీ పరీక్షించి చూశాక, ఈ నూనెల మీద లోకం దృష్టి పడింది. 1989లో బ్రిటనులో ఒకసారి గుండెపోటు వచ్చిన 2,033 మంది మగవారి మీద జరిపిన పరిశీలన వెలువడింది. వారానికి రెండుసార్లయినా నూనె చేప తినమని సలహా పొందినవారిలో, రెండేళ్లలో మరణాలు దాదాపు 29 శాతం తక్కువగా కనిపించాయి. తర్వాతి పరిశీలనలన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు. అమెరికాలో పాతిక వేల మందికి పైగా పాల్గొన్న పరిశీలన 2018లో వెలువడింది. చేపనూనె మాత్రలు మింగినంత మాత్రాన గుండెజబ్బులూ పక్షవాతమూ చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేలింది. కనుక మాత్రల సీసా కోసం పరుగెత్తకండి. వారానికి రెండుసార్లు చేప, వీలైతే నూనె చేప తినమని అమెరికా హృద్రోగ సంఘం చెబుతున్నది. అది మన పొయ్యి మీద అయ్యే పనే కదా!

ఇక కొనేటప్పటి మాట. బందరు నుంచి బెజవాడ మీదుగా హైదరాబాదు పోయే రహదారి మన నందిగామ, జగ్గయ్యపేటల పక్కనుంచే పోతుంది. అయినా సముద్రానికి మనం 100 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాం. ఎండలో మగ్గిన కవళ్లు, కానాగంతలు ప్రమాదం. వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. అది ఎంత ఉడికించినా పోదు. ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. కనుక ఐసులో ఉన్న చేపనే కొనండి. కన్ను ఉబ్బెత్తుగా మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. ఇంటికి తెచ్చిన వెంటనే శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడు కవళ్ల పులుసు. అరకిలో కవళ్లకు పొలుసు గీకి, తల, పేగులు తీసి, కల్లుప్పు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి, మూడు నీళ్లలో కడగండి. నీచు చాలావరకు పోతుంది. వెడల్పాటి దాకలో రెండు చెంచాల నూనె చాలు, చేపలోనే నూనె ఉంది కదా. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు మగ్గాక కారం, పసుపు, ఉప్పు వేసి, పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం పోసి పది నిమిషాలు మరగనివ్వండి. అప్పుడు చేపలు వేసి సన్నని సెగన ఎనిమిది, పది నిమిషాలు ఉంచితే సరి. గరిటె పెట్టకండి, చితికిపోతాయి. దాకనే పట్టుకుని తిప్పండి. వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర, చిటికెడు మెంతులు, వెల్లుల్లి చివర్లో చల్లి దింపండి. మరునాటికి రుచి ఇంకా పెరుగుతుంది, కాని మిగిలింది ఫ్రిజ్‌లోనే ఉండాలి.

కానాగంతలకు గాట్లు పెట్టి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, పెనం మీద రెండు చెంచాల నూనెతో రెండు వైపులా నిదానంగా కాల్చండి. మూకుడు నిండా నూనె పోసి వేయిస్తే చేప నూనె మూకుడులోకి, మూకుడు నూనె చేపలోకి చేరుతుంది. ఇక దేనికోసం కొన్నట్టు?

చివరగా వడ్డన. మగవారికి నడిమి ముక్క, పిల్లలకు ముల్లు తీసిన ముక్క, మనకేమో తోక, అడుగున మిగిలిన పులుసు! గుండె మనకూ ఉంది. ముట్లుడిగాక ఆడవాళ్లకు కూడా గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. కడుపుతో ఉన్న అమ్మాయికి చేప పెడితే వాతమని కొన్ని ఇళ్లలో మాన్పిస్తారు. బిడ్డ మెదడు, కళ్లు ఎదగడానికి ఈ నూనెలు కావాలి. సొర వంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువ ఉండవచ్చు, గర్భిణులు వాటిని మానాలి. కవళ్లు, నెత్తళ్ల వంటి చిన్నవే మేలు. చేప పడనివారు ముట్టవద్దు. గౌట్ ఉన్నవారు డాక్టరునడిగి తినండి.

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు గోదావరి వాళ్లు. కవళ్లకు పుస్తెలదాకా ఎందుకు, కొంగున కట్టుకున్న చిల్లర చాలు. ఈ వారం అరకిలో తెప్పించి పులుసు పెట్టండి. వడ్డించేటప్పుడు ఒక నడిమి ముక్క మీ కంచంలోనూ వేసుకోండి.