ఆ 'ఫైలు' మన ఫైలు కాదు



మా అల్లుడుగారిని ఎవరో 'ఆడియోఫైల్' అన్నప్పుడు అదే శాఖ ఫైలో అనుకున్నాను. 36 ఏళ్లు ఫైళ్ల మధ్య బతికినవాడికి మరో ఫైలు తెలియదు గదా! 'ఆడియో' వినడానికి సంబంధించిన లాటిన్ మాట, 'ఫైల్' అంటే గ్రీకులో ప్రియం గలవాడు. మన వ్యాకరణ పండితులైతే వైరి సమాసమని కొట్టేసేవారు. సంగీతప్రియుడు అనలేదు చూడండి, శ్రవణప్రియుడు అన్నారు. మైకు ముందు పుట్టిన ధ్వని ఇంట్లో స్పీకరులోంచి ఏమీ తరగకుండా రావాలని వీరి పట్టుదల. దాన్నే హై ఫిడెలిటీ అంటారు. మన భాషలో, అసలుతో సరిచూచిన నకలు.

అల్లుడుగారు వాల్వుల యాంప్లిఫయరు, నిలువెత్తు స్పీకర్లు కొన్నారు. వెల విని, అది నా పెన్షను ఎన్ని నెలలదో లెక్కవేసుకుని ఊరుకున్నాను. రెండు స్పీకర్లకూ సమదూరంలో నన్ను కూర్చోబెట్టి, "మామయ్యగారూ, ఆ తాళాల గలగల వినబడుతోందా?" అనేవారు. వినబడకపోయినా "బ్రహ్మాండం" అనేవాణ్ణి. లేనిది ఉందంటున్నారని నా అనుమానం.

ఒకనాడు పరీక్ష డిస్కు పెట్టారు. సన్నని కూత అంతకంతకూ పైకి పోతుంది, వినబడినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచాలి. పసి చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వింటుందట. 4,000 దాటగానే, ఆగిపోయిందనుకుని నేను చెయ్యి దించాను. పదేళ్ల మనవడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్లే ఉంది. అల్లుడుగారు నవ్వలేదు. మర్నాడే చెవి డాక్టరు దగ్గరకు తీసుకుపోయారు.

వయసుతో ముందు పోయేది పై స్థాయి ధ్వనులేనట, పోయినవి తిరిగి రావట. స, శ వంటి అక్షరాల బలమంతా అక్కడే. అందుకని గొంతు వినబడుతుంది గాని మాట తెలియదు. అప్పుడు మా ఆవిడ గుర్తుకొచ్చింది. నాలుగేళ్లుగా "నోట్లో నోట్లో గొణుగుతావేం?" అని కేకలేస్తున్నాను. ఆవిడ మాట్లాడటమే తగ్గించింది. అదీ నేను గమనించలేదు.

ఇప్పుడు రెండు చెవులకూ యంత్రాలున్నాయి. పళ్లేల చప్పుడు, కాగితాల రెపరెప భరించలేక మొదటి నెల తీసి పారేద్దామనుకున్నాను. అవి మాట కోసం చేసినవి, అల్లుడుగారి తాళాల గలగల నాకింకా అందలేదు. మా ఆవిడ మాత్రం ఈ మధ్య మళ్లీ వంటింట్లోంచే పిలుస్తోంది.