నాలుగు స్తంభాలతో పాతాళలోకం: మారియో బావా హెర్క్యులిస్

ఈ ఎపిసోడ్‌లో 1961లో వచ్చిన ఒక ఇటాలియన్ సినిమా గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీష్‌లో ‘హెర్క్యులిస్ ఇన్ ది హాంటెడ్ వరల్డ్’ పేరుతో దొరుకుతుంది. డైరెక్టర్ మారియో బావా. కెమెరా కూడా ఆయనదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1958లో స్టీవ్ రీవ్స్‌తో వచ్చిన హెర్క్యులిస్ సినిమా పెద్ద హిట్టయింది. దానికి కెమెరామన్ ఎవరనుకున్నారు? ఈ బావానే! ఆ హిట్ తర్వాత ఇటలీలో కండల వీరుల సినిమాలు వరసపెట్టి వచ్చాయి. చాలావాటికి చేతిలో డబ్బు తక్కువ, తొందర ఎక్కువ.

కథ సింపుల్. ప్రియురాలు డెయనీరాకి మతి పోతుంది. మందు పాతాళంలో ఉన్న ఒక రాయి. అక్కడికి వెళ్ళాలంటే ముందు బంగారు ఆపిల్ కావాలి. హెర్క్యులిస్ అన్న పేరే రోమన్లది, గ్రీకులకి హెరాక్లీస్. కానీ రోమన్ వాసన పేరుతో ఆగలేదు. వర్జిల్ రాసిన ఈనియిడ్‌లో ఈనియస్ కూడా బంగారు కొమ్మ పట్టుకునే పాతాళానికి దిగుతాడు. అందులోనే ఇంకోచోట కొమ్మ విరిస్తే రక్తం కారుతుంది. ఈ సినిమాలో తీగ నరికితే రక్తం కారుతుంది, లోపలి ఆత్మలు ఏడుస్తాయి. నాకైతే సినిమా మొత్తంలో అదే బెస్ట్ సీన్.

ఇప్పుడు అసలు విషయం. తలుపులు, కిటికీలు ఉన్న ఒక విడిభాగాల గోడ, అటూ ఇటూ జరిపే నాలుగు స్తంభాలు. వీటితోనే సినిమా అంతా తీయాలని పంతం పట్టానని బావా తర్వాత చెప్పాడు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, ఒక్క ఫంక్షన్ రాసుకుని ప్రతిచోటా దాన్నే పిలవడం! మరి చూసేవాడికి తెలియదా అంటే, మధ్యలో పొగ, దానిమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు. సెట్ లేని చోటల్లా చీకటి. ఆ చీకటి మనకి పాతాళంలా కనిపిస్తుంది. మన విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళకి ఈ తెలివి వెంటనే అర్థమవుతుంది.

అందుకే ఒక మాట. రంగులు వెలిసిపోయిన పాత కాపీలో దీన్ని చూడకండి. ఆ కాపీ చూసి ‘ఇదేం బీ గ్రేడ్ సినిమా’ అని నవ్వితే అది బావాకి అన్యాయం. రంగు పోతే ఇందులో మిగిలేది నిజంగానే గోడ, నాలుగు స్తంభాలే కదా.

హీరో రెగ్ పార్క్ బ్రిటిష్ బాడీబిల్డర్, మిస్టర్ యూనివర్స్. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్‌కి చిన్నప్పటి ఆరాధ్య దైవం. నటన మాత్రం అంతంతే, కామెడీ ఇంకా దారుణం. విలన్ క్రిస్టఫర్ లీ. డ్రాక్యులాగా అప్పటికే పేరున్న మనిషి. ఆ గొంతే ఆయన ఆస్తి. ఇంగ్లీష్ వెర్షన్‌లో ఆ గొంతు తీసేసి వేరేవాళ్ళతో డబ్బింగ్ చెప్పించారు! ఆయన మాతృభాషలోనే! డబ్బింగ్ మనకి కొత్త కాదు గానీ, ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. అయినా రక్తపు మడుగులో ఆయన ముఖం ప్రతిబింబంగా కనపడే షాట్ ఒకటుంది చూడండి. అక్కడ గొంతుతో పనే లేదు.

మీరు చూసుంటే, ఆ స్తంభాలు ఎన్ని చోట్ల తిరిగొచ్చాయో లెక్కపెట్టి కామెంట్లలో రాయండి. నేను ఏడు దగ్గర ఆపేశాను.