మన చేని గడ్డ చెదరదు

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్ళారా!

ఈ రోజు ఆలుగడ్డ గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. "కూర వండటం మాకు నేర్పుతావా పిల్లా?" అని మీరు అనొచ్చు. నేను మీ బిడ్డలాంటిదాన్ని. నేర్పడానికి రాలేదు. మా అమ్మకు జరిగిన సంగతి చెప్పడానికి వచ్చాను.

మాది జహీరాబాద్ దగ్గర ఒక పల్లె. మా వైపు యాసంగిలో ఆలుగడ్డ వేస్తారు. అక్టోబరు, నవంబరు నెలల్లో నాటుతారు. సుమారు 3 నెలలకు తవ్వుతారు. మేమూ అర ఎకరంలో వేస్తాం.

మా అక్కకు ఒడిబియ్యం పోసిన రోజున అమ్మ మా చేని గడ్డలతోనే కూర చేసింది. పెద్ద గంజు నిండా వండింది. మూత తీసి చూస్తే ఒక్క ముక్క లేదు. అంతా ముద్ద. చుట్టాల్లో ఒకామె "కూర చేసినవా, అంబలి కాచినవా?" అంది. అందరూ నవ్వారు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మన గడ్డ మంచిది కాదు" అంది అమ్మ. తర్వాతి ఏడు పంట మొత్తం అగ్గువకు అమ్మేసింది. ఇంట్లోకి బజారు నుంచి కిలోల లెక్కన కొన్నది. అమ్మింది అగ్గువకు. కొన్నది పిరానికి. చూశారా నష్టం!

తప్పు గడ్డదా? కాదు. ఎందుకో చెబుతాను.

గోడ ఎట్లా కడతారు? ఇటుకకూ ఇటుకకూ మధ్య మట్టి పెడతారు. ఆ మట్టి కరిగితే గోడ కూలుతుంది. ఆలుగడ్డ కూడా అంతే. దానిలో కంటికి కనపడని చిన్న చిన్న గదులు ఉంటాయి. గదుల్లో పిండి ఉంటుంది. గదుల మధ్య బంక ఉంటుంది. ఉడికేటప్పుడు పిండి ఉబ్బుతుంది. బంక కరుగుతుంది. గదులు విడిపోతాయి. ముక్క చెదురుతుంది.

లేత గడ్డలో పిండి తక్కువ. అది ముక్కగా నిలుస్తుంది. బాగా ముదిరిన గడ్డలో పిండి ఎక్కువ. అది త్వరగా చెదురుతుంది. ఆ రోజు అమ్మ వండినవి ముదురు గడ్డలు. పైగా పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. గంటెతో పదే పదే తిప్పింది. ఇక ముక్క ఎట్లా నిలుస్తుంది?

ఏ గడ్డ ఎట్లాంటిదో తెలుసుకోవడం సులువు. ఒకే చిన్న గ్లాసుతో కొలవండి. 11 గ్లాసుల నీళ్ళలో 1 గ్లాసు సన్న ఉప్పు కరిగించండి. అందులో గడ్డను వేయండి. తేలితే పిండి తక్కువ. అది కూరకు. మునిగితే పిండి ఎక్కువ. అది ముద్దకూరకు, బోండాలకు. తర్వాత గడ్డను కడిగి తుడవండి.

ఇప్పుడు వండే పద్ధతి వినండి.

1. ముక్కలన్నీ ఒకే సైజులో కోయండి. లేకపోతే చిన్నవి కరుగుతాయి, పెద్దవి ఉడకవు.

2. సగం మరిగిన నీళ్ళు, సగం చన్నీళ్ళు కలపండి. ముక్కలు అందులో వేసి, మూతపెట్టి, అరగంట ఉంచండి. పొయ్యి మీద పెట్టొద్దు. ఈ వేడికి బంక గట్టిపడుతుంది. దావత్ వంటకు ఇది బాగా పనికొస్తుంది.

3. తర్వాత సన్నని మంట మీద ఉడికించండి. నీళ్ళు తెర్లకూడదు. ఎక్కువ కలపొద్దు. గంజు పట్టుకుని మెల్లగా కుదపండి.

4. ముక్క ముప్పావు వంతు ఉడికాక చింతపండు పులుసు పోయండి. పులుపు బంకను గట్టిగా ఉంచుతుంది. మొదట్లోనే పోస్తే ముక్క మెత్తబడదు.

5. గడ్డను పొట్టుతోనే ఉడకబెట్టి వేపుడు చేస్తారా? పూర్తిగా చల్లారాక కోయండి. వేడి మీద కోస్తే పొడి అవుతుంది.

ఇంకొక్క మాట. ఇది రుచి సంగతి కాదు, ప్రాణం సంగతి. ఎండ తగిలిన గడ్డ పచ్చగా అవుతుంది. పచ్చబడిన గడ్డలో విషం పెరుగుతుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. వాంతులు, కడుపునొప్పి వస్తాయి. కొద్దిగా పచ్చగా ఉంటే ఆ భాగాన్ని, మొలకలను లోతుగా కోసి పారేయండి. ఎక్కువ పచ్చగా ఉన్నా, చేదుగా ఉన్నా గడ్డ మొత్తం పారేయండి. పిల్లలకు అసలే పెట్టొద్దు. చేనులో మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయండి. ఇంట్లో గడ్డలను చీకటిగా, గాలి తగిలే చోట ఉంచండి.

చివరికి అమ్మ సంగతి. మా ఇంట్లో ఇప్పుడు రెండు బస్తాలు ఉంటాయి. ఒక దాని మీద "కూర" అని, రెండో దాని మీద "ముద్ద" అని బొగ్గుతో రాసి ఉంటుంది. రాసింది నేను కాదు. మీలాగే రాత్రి బడిలో చదువుకున్న మా అమ్మ రాసింది. అక్క కొడుకు 21వ రోజున మళ్ళీ మా గడ్డలతోనే కూర వండింది. ముక్క ముక్కగా నిలిచింది. ఆ రోజు నవ్విన చుట్టమే రెండోసారి వడ్డించుకుంది. ఇప్పుడు ఇంటికి చాలినన్ని గడ్డలు ఉంచుకుని, మిగిలినవే అమ్ముతాం.

మన పంటను మనమే తక్కువ చేసుకోవద్దు. ముందు దాన్ని తెలుసుకుందాం. రేపు వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ ఒక గడ్డ తీసుకురండి. ఉప్పునీళ్ళలో వేసి చూద్దాం. ఎవరి గడ్డ తేలిందో, ఎవరిది మునిగిందో మీరే పలకల మీద రాయాలి.

సెలవు.