బండప్రేలుడు – భూమి చెప్పు లెక్క



నేను లెక్కలు వ్రాసి జీవించువాడను, కావ్యములు చదివి ఆనందించువాడను, శాస్త్రజ్ఞుడను కాను. అయినను ఉత్తరపు గుట్టపై బండలు ప్రేల్చినపుడెల్ల ఈ గ్రంథాలయపు బీరువా అద్దములు గలగలమనుచుండును. ఆ చప్పుడే నాచేత ఈ విషయమును చదివించినది.

భూమిని ఆదిశేషుడు మోయుచున్నాడని మన పురాణములు వర్ణించినవి. ఆయన తల కదల్చు వేళ ఎవ్వరికిని తెలియదు గదా! భూకంపముతోడి చిక్కు అదియే. ఎచట, ఏ క్షణమున పుట్టునో ముందుగా తెలియరాదు. అది తేదీలేని పత్రము వంటిది. బండప్రేలుడు అట్లు కాదు. స్థలము, కాలము, మందు తూకము మూడును ముందే తెలియును. అదురు చేరిన దూరమును పట్టిన కాలముచే భాగించినచో దాని వేగము వచ్చును.

ఈ మార్గము త్రొక్కినవాడు ఐర్లండు దేశపు ఇంజనీరు రాబర్టు మాలెట్. 1849లో డబ్లిన్ నగరము చెంత కిలినీ సముద్రతీరపు ఇసుకలో తుపాకిమందు పూడ్చి ప్రేల్చి, అరమైలు దూరమున పాదరసపు పళ్లెరము నుంచి, అందలి ప్రతిబింబము చెదరిన క్షణమును గుర్తించెను. ఇసుకలో అదురు సెకండుకు సుమారు 825 అడుగులు, గట్టి నల్లరాతిలో సుమారు 1,665 అడుగులు నడచెనని తేల్చెను. పిదప వేల్సు దేశమున హోలీహెడ్ రేవుకట్టకై రాయి తీయు గనులలో వేలకొలది పౌనుల మందు ప్రేల్చుచుండగా, ఆ ప్రేలుళ్లను తన పరీక్షలకు వాడుకొనెను. 1861లో ఫలితములను ప్రకటించెను.

రాతిలో వేగము అంతకంటె ఎంతో హెచ్చుగా నుండవలెనని ఆయనకు తెలియును. అయినను కోరిన అంకెను వేయక, వచ్చిన అంకెనే వ్రాసెను. లోపమెచ్చటిదో తరువాత బయటపడెను. 1876లో న్యూయార్కు ఓడల త్రోవలోని బండను ప్రేల్చినపుడు హెన్రీ ఆబట్ అను సైనిక ఇంజనీరు పరిశీలింపగా, దుర్భిణి శక్తి హెచ్చినకొలది వేగమును హెచ్చుగా కనబడెను. ముందు వచ్చు సన్నని అలను మందదృష్టి గల సాధనము పట్టలేదన్నమాట. మాలెట్ ఉన్నదున్నట్లు వ్రాయకున్నచో ఈ దిద్దుబాటుకు తావెక్కడిది?

ఈ విద్య మన నేలకును వచ్చినది. 1972–75 సంవత్సరములలో హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు, సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారముతో, నెల్లూరు జిల్లా కావలి మొదలు పడమటి తీరపు ఉడిపి వరకు, రమారమి 600 కిలోమీటర్ల బారున, మందు ప్రేల్చి అదురులను నమోదు చేసిరి. సుమారు 35, 40 కిలోమీటర్ల లోతున భూమి పైపెంకు అడుగు తట్టినది. త్రవ్వి చూడలేని చోటును అదురు చూచి వచ్చినది!

ఇక మన మాట. నా ఇంటి గోడ పగిలినది. అర్జీ పట్టుకొని పోగా, "ఏ తేదీన, ఎన్ని గంటలకు?" అని అడిగిరి. ఊరందరి పద్దులు వ్రాసిన నా యొద్ద ఆ ఒక్క పద్దు లేకపోయినది! సిగ్గుపడి తిరిగి వచ్చితిని. ఆ పగులు ప్రేలుడు వలననే యని నేను ప్రమాణము చేయజాలను; పునాది చవుడు నేలలో నున్నది. నిజము నా పక్షమో, గుట్టవారి పక్షమో వ్రాత లేనిదే తేలదు.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక్క కోరిక. ఈ గ్రంథాలయమున ఒక దస్త్రము తెరువుడు. ప్రేలుడు తేదీ, వేళ, ఏ వీధిలో ఎట్లు తెలిసినది, ఏ గోడ ఎంత పగిలినది – ఇంతియే. అదురు తెలియని ఇండ్లను సైతము వ్రాయుడు. మొదటి పుట నేను గీచి ఇచ్చెదను. తరువాతి పుటలు మన పిల్లలవి.

సెలవు.